మూడో నంబరు ప్రింటర్

తెల్లవారుజామున మూడున్నర.
క్లాక్స్‌విక్ రేవు మీద వాన పక్కవాటంగా కురుస్తోంది.
ఫారో దీవుల్లో అది నిలువుగా కురిసిన రోజు
నాకు గుర్తులేదు.
హానుస్ పడవ లోంచి కాడ్ చేపల పెట్టెలు దిగుతున్నాయి.
త్రాసు తూస్తోంది, అంకె వెలుగుతోంది,
చీటీ మాత్రం రావడం లేదు.

చీటీ లేని చేప ఎవరిదీ కాదు.
ఆరింటికి వేలం.

మెట్ల కింద, చీపుర్ల పక్కన, అల్మారాలో
మా సర్వర్.
తెర మీద సి డ్రైవ్ గీత
జ్వరం గొట్టంలో పాదరసంలా కొసదాకా ఎక్కి ఎర్రబడి ఉంది.
మిగిలింది సున్నా బైట్లు.
సూది మోపే చోటు సంగతి సరే,
సూది అని రాయడానికే చోటు లేదు.

పక్కనే డి డ్రైవ్,
ఊరంతా వచ్చి కాళ్లు చాపుకు పడుకున్నా మిగిలేంత ఖాళీ.
"అంతా అందులోకి తోసేస్తేనో?" అన్నాను.
తోర్షావ్న్ నుంచి ఫోన్లో సున్వా ఆవలించి,
"వంటింట్లో అంట్లు పేరుకుంటే
పొయ్యిని పెరికి గొర్రెల కొట్టంలో పెడతావా, హొగ్ని?"

ముందు చెత్తబుట్ట.
నాదే, ఒప్పుకుంటాను.
రెండేసిసార్లు దించుకున్న ఆటుపోట్ల పట్టికలు,
కొనలేకపోయిన ఒక పడవ ఫొటోలు పదకొండు.
సముద్రాన్ని చెంచాతో తోడినట్టు, నలభై ఎంబీ.

తర్వాత 'తాత్కాలికం' అని పేరున్న ఫోల్డర్.
మా ఆఫీసు కప్పు మీది తాత్కాలికపు రేకుకన్నా
పాత సరుకు అందులో.

తర్వాత అప్‌డేట్లు విడిచిపోయిన కుబుసాలు.
"వాటిని చేత్తో ముట్టకు,
నే చెప్పినట్టు టైపు చెయ్యి, చుక్క కూడా వదలకుండా."
అరవై రెండు శాతం దగ్గర యంత్రం
ఆలోచనలో పడింది.
నేను కాఫీ కాచుకుని, తాగి, కప్పు కడిగి వచ్చాను.
అరవై రెండు.

నాలుగు జీబీ దొరికింది చివరికి.
రెండు చీటీలు వచ్చాయి. మళ్లీ ఆగాయి.

"ఏదో తింటోంది," అంది సున్వా.
ఈసారి గొంతులో ఆవలింత లేదు.
"సైజు వారీగా పేర్చు. ముందు వరసలో ఎవరు?"

ఒకే ఒక్క ఫైలు. తొంభై ఒక్క జీబీ.
తెరవబోతే తెర గుడ్లు తేలేసింది.
ఆమె ఏదో మంత్రం చెప్పి
చివరి పుట మాత్రం రప్పించింది.

మూడో నంబరు ప్రింటర్ పలకడం లేదు.
మూడో నంబరు ప్రింటర్ పలకడం లేదు.
మూడో నంబరు ప్రింటర్ పలకడం లేదు.

సెకనుకోసారి.
ఒక్కో మాట కింద పది వరసల సంజాయిషీ.
ఆదివారాలు కూడా, క్రిస్మస్ రాత్రి కూడా.

మూడో నంబరు ప్రింటర్ని మోసుకెళ్లింది నేనే.
నాలుగేళ్ల కిందట, తుక్కు డబ్బా దాకా,
ట్రోండుర్ రెండో కొస పట్టుకున్నాడు.
పళ్లచక్రాల నిండా పొలుసులు,
దారంతా నల్లని పొడి రాలింది.
రేవులో అందరికీ తెలుసు.
సర్వర్‌కి ఎవరూ చెప్పలేదు.

ఈ నాలుగేళ్లూ చీపురు తీసుకుంటూ, చీపురు పెడుతూ
రోజుకి రెండుసార్లు దాని పక్కన వంగాను.
ఫ్యాన్ మోత అనుకున్నాను.

"తుడిచెయ్."
తుడవనివ్వలేదు. వాడుకలో ఉందట.
"ముందు పిలవడం మాన్పించాలి,
లేకపోతే తుడిచిన చోటే మళ్లీ మొదలెడుతుంది."

జాబితాలో మూడో పేరు మీద వేలు పెట్టాను.
ఖాయమేనా, అని అడిగింది.

హానుస్ కిటికీ అద్దం మీద గుద్దుతున్నాడు.
పెట్టెల్లో మంచు నీళ్లవుతోంది.
ఖాయమే.

గీత నీలమైంది.
గదిలో ఏ శబ్దమూ మారలేదు, మారుతుందనుకున్నాను.
ఆపైన చీటీలు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి,
నూట పన్నెండు,
వాటిని తడి చేతులు లాక్కుపోతున్నాయి.

ఫోన్ పెట్టేసే ముందు
జాబితా మరోసారి చూశాను, ఊరికే.
నాలుగో నంబరు ప్రింటర్ అని ఒకటి ఉంది.
మాకు నాలుగోది ఎన్నడూ లేదు.
దాని పక్కన రాసి ఉంది:
సిద్ధంగా ఉంది.

సున్వాతో అనలేదు.
ఆరు కావస్తోంది.